నౌకా నిర్మాణంలో ఉత్పాదకత

నౌకా నిర్మాణంలో ఉత్పాదకత అనగా ఒక ఓడను కట్టి యజమానికి అప్పగించుటకు ఎన్ని పనిగంటలు, ఎంత కాలం, ఎంత సామగ్రి ఖర్చయినవి అన్న లెక్క. ఒకే రకపు ఓడను ఒక యార్డు ఏడాదిలో కడితే మరొక యార్డుకు అంతకు మూడింతల కాలం పట్టవచ్చు. ఈ తేడాకు కార్మికుల చురుకుదనం కంటే పని ఏ చోట జరుగుతున్నది, ఏ వరుసలో జరుగుతున్నది అన్నవే ముఖ్య కారణాలని ఇరవయ్యవ శతాబ్దపు అనుభవం తెలిపినది. తెలుగునాట ఈ విషయానికి ప్రధాన ఉదాహరణ విశాఖపట్నంలోని హిందూస్థాన్ షిప్‌యార్డు. ఆ సంస్థ చరిత్రలో ఆలస్యాలూ, నష్టాలూ, తిరిగి కోలుకొనుటా అన్నీ ఉన్నవి కనుక ఈ వ్యాసంలో దానికి ఎక్కువ చోటు ఇవ్వబడినది.

పరిశ్రమ స్వభావం

కార్ల కర్మాగారంలో వస్తువు కదులుతూ కార్మికుని వద్దకు వస్తుంది. ఓడ విషయంలో వస్తువు కదలదు, కార్మికుడే దాని వద్దకు నడవాలి, నిచ్చెనలెక్కాలి, ఇరుకు గదుల్లోకి దూరాలి. పైగా ఒకే నమూనాలో వేలకొలది కార్లు తయారవుతాయి, ఓడలు మాత్రం ఒకటో రెండో, మహా అయితే పదో తయారవుతాయి. ప్రతి కొనుగోలుదారుడూ తన అవసరాన్ని బట్టి మార్పులు కోరతాడు. యుద్ధనౌకల విషయంలో నిర్మాణం సగంలో ఉండగానే ఆయుధాలు, రాడార్లు మారిపోవుట సాధారణం. అందుచేత ఇతర పరిశ్రమల్లో పనికివచ్చిన సూత్రాలు ఇక్కడ యథాతథంగా పనికిరావు.

కొలమానం

ఓడ ఉత్పాదకతను కొలుచుట సులభం కాదు. కేవలం టన్నులలో కొలిస్తే తప్పు లెక్క వస్తుంది. ఖనిజాలు మోసే ఓడ పెద్ద పెట్టె వంటిది. అంతే పరిమాణం గల ప్రయాణికుల ఓడలో వందలాది గదులు, వంటశాలలు, విద్యుత్తు తీగలు, నీటి గొట్టాలు ఉంటాయి. ఈ తేడాను సరిచేయుటకు ఓ.ఇ.సి.డి. దేశాలు సవరించిన స్థూల టన్ను అనే ప్రమాణాన్ని ఏర్పరచాయి. ఓడ రకాన్ని బట్టి రెండు గుణకాలు ఉంటాయి. 2007లో సవరించిన సూత్రం ప్రకారం 30,000 స్థూల టన్నుల ఖనిజాలు మోసే ఓడ సుమారు 15,600 సవరించిన టన్నులకు సమానం. అదే పరిమాణం గల విహార ప్రయాణికుల ఓడ సుమారు 49,000 సవరించిన టన్నులవుతుంది. అనగా రెండవదానిలో పని మూడు రెట్లకు మించి ఉన్నదన్నమాట. ఒక్కొక్క సవరించిన టన్నుకు ఎన్ని పనిగంటలు పట్టినవో చూసి యార్డులను పోల్చుతారు.

ఈ కొలతకూ పరిమితులున్నవి. యుద్ధనౌకలకు ఇది సరిగా వర్తించదు. యార్డు తన పనిని బయటి గుత్తేదారులకు అప్పగిస్తే ఆ పనిగంటలు లెక్కలోకి రాకుండా పోయే ప్రమాదం కూడా ఉన్నది.

పాత పద్ధతి

రెండవ ప్రపంచ యుద్ధం వరకు ఓడ నిర్మాణం ఇంచుమించు ఇంటి నిర్మాణం వలె సాగేది. ముందుగా మోల్డ్ లాఫ్ట్ అనే విశాలమైన చెక్కనేలపై ఓడ రేఖలను అసలు పరిమాణంలో గీసేవారు. వాటి ఆధారంగా చెక్క అచ్చులు చేసి, అచ్చుల ప్రకారం ఉక్కు రేకులను కోసేవారు. నీటి వైపు వాలుగా ఉండే స్లిప్‌వే మీద ముందు కీల్, అనగా ఓడ వెన్నెముక, వేసేవారు. దానిపై పక్కటెముకల వంటి చట్రాలు నిలబెట్టి, చట్రాలకు ఒక్కొక్క రేకును రివెట్లతో బిగించేవారు. డొల్ల పూర్తి అయిన పిమ్మట దానిని నీటిలోకి జార్చి, జెట్టీకి కట్టి, అప్పుడు లోపలి సామగ్రిని అమర్చేవారు.

చివరి దశలోనే కాలమంతా హరించుకుపోయేది. ఒకే ఇరుకు గదిలో గొట్టాలు వేసేవారు, తీగలు లాగేవారు, వడ్రంగులు, రంగులు వేసేవారు ఒకేసారి పనిచేయవలసి వచ్చేది. గొట్టం వెళ్ళవలసిన చోట అప్పటికే తీగల పళ్ళెం బిగించి ఉండేది. దానిని ఊడదీసి మరొక చోట పెడితే రంగు పాడయ్యేది. ఓడ మీద ఉన్న పనివాని రోజులో అధికభాగం క్రేను కోసం, నక్షా కోసం, పరంజా కోసం, సామగ్రి కోసం ఎదురుచూచుటలోనే గడిచేది. బయటినుండి చూచిన వారికి అది సోమరితనంగా కనబడుతుంది. నిజానికి అది ప్రణాళికలోని లోపం.

బ్లాకు పద్ధతి

మార్పు అమెరికాలో మొదలైనది. ఆనకట్టలు, రోడ్లు కట్టిన అనుభవమే తప్ప ఓడలు కట్టిన అనుభవం లేని హెన్రీ కైజర్ యుద్ధకాలంలో యార్డులు నెలకొల్పాడు. పాత అలవాట్లు లేకపోవుటయే ఆయనకు మేలు చేసినదని పలువురి అభిప్రాయం. రివెట్ల బదులు వెల్డింగు వాడి, ఓడను పెద్దపెద్ద ముక్కలుగా వేరే చోట తయారుచేసి, క్రేనులతో ఎత్తి స్లిప్‌వే మీద కలిపే పద్ధతిని ఆయన యార్డులు విస్తృతంగా అనుసరించాయి. 1941-45 మధ్య అమెరికాలోని వివిధ యార్డులు కలిసి లిబర్టీ తరగతి ఓడలు 2,710 కట్టినవి. తొలి ఓడకు ఎనిమిది నెలలు పట్టగా, తరువాత సగటున ఆరు వారాలకు తగ్గినది. 1942 నవంబరులో రాబర్ట్ ఇ. పియరీ అనే ఓడను కీల్ వేసిన నాలుగున్నర రోజులకే నీటిలోకి దించారు. అది ప్రచారం కోసం చేసిన పని, దానిని మామూలు వేగంగా భావించరాదు.

ఈ వేగానికి మూల్యం కూడా చెల్లించవలసి వచ్చినది. చల్లని సముద్రాలలో కొన్ని ఓడల డొల్లలు పగుళ్ళిచ్చాయి. మొదట వెల్డింగును నిందించారు. చలిలో ఆ ఉక్కు పెళుసుబారుటయే ముఖ్య కారణమని కేంబ్రిడ్జిలో కాన్‌స్టన్స్ టిప్పర్ చేసిన పరిశోధన తేల్చినది.

యుద్ధానంతరం ఈ విద్య జపానుకు చేరినది. 1951లో డేనియల్ లుడ్విగ్‌కు చెందిన నేషనల్ బల్క్ కారియర్స్ సంస్థ కురే రేవులోని పాత నౌకాదళ యార్డును కౌలుకు తీసుకున్నది. కైజర్ వద్ద పనిచేసిన ఎల్మర్ హాన్ అక్కడ నిర్మాణ బాధ్యత వహించాడు. హిసాషి షింటో మొదలగు జపాను ఇంజనీర్లు ఆ పద్ధతిని నేర్చుకొని, మరొక అడుగు ముందుకు వేశారు. కైజర్ యార్డులు ప్రధానంగా డొల్లను ముక్కలుగా చేశాయి. జపానువారు లోపలి సామగ్రిని కూడా ఆ ముక్కలలోనే ముందుగా అమర్చుట మొదలుపెట్టారు. 1956లో జపాను బ్రిటన్‌ను దాటి ప్రపంచంలో అత్యధికంగా ఓడలు కట్టే దేశమైనది.

దర్జీ చొక్కా కుట్టే తీరుతో దీనిని పోల్చవచ్చు. జేబును ముందుభాగపు గుడ్డ బల్లమీద పరచి ఉండగానే కుడతాడు. చొక్కా మొత్తం కుట్టిన తరువాత జేబు కుట్టబోతే చేయి లోపల పెట్టి తిప్పలు పడాలి. ఓడలోనూ అంతే. పైకప్పుకు వేలాడవలసిన గొట్టాలను బ్లాకు తలక్రిందులుగా నేలపై ఉన్నప్పుడే అమర్చితే వెల్డరు క్రిందికి చూస్తూ పనిచేస్తాడు. ఓడ మీద అదే పనికి పరంజా ఎక్కి, తల వెనక్కి వంచి, నిప్పురవ్వలు ముఖాన పడుతుండగా చేయాలి. షాపులో ఒక గంట పట్టే పని బ్లాకు మీద మూడు గంటలు, నీటిలో ఉన్న ఓడ మీద ఎనిమిది గంటలు పడుతుందని పరిశ్రమలో ఒక వాడుక లెక్క ఉన్నది. పనిని బట్టి ఈ అంకెలు మారినప్పటికీ అవి సూచించే దిశ మారదు.

ఇందుకోసం ఓడను గొట్టాల వ్యవస్థ, విద్యుత్తు వ్యవస్థ అని కాక, ప్రదేశాల వారీగా విభజిస్తారు. ఒక ప్రదేశంలో ఒక దశలో కావలసిన గొట్టాలు, వాల్వులు, బోల్టులు, తీగల పళ్ళాలు అన్నీ ఒక జాబితాగా రాసి, ఒకే పళ్ళెంలో పేర్చి, పని మొదలయ్యే ముందే అక్కడకు చేరుస్తారు. పళ్ళెం నిండకపోతే పని మొదలుపెట్టరు. ఇది సాధ్యం కావాలంటే నక్షాలు ముందే పూర్తి కావాలి, కొనుగోళ్లు ముందే జరగాలి. కాబట్టి ఈ పద్ధతి భారం కార్మికునిపై కంటే నమూనా కార్యాలయంపై, కొనుగోలు విభాగంపై ఎక్కువగా పడుతుంది. అనేక యార్డులలో సంస్కరణ విఫలమైనది అక్కడే.

కొలతల కచ్చితత్వం

వెల్డింగు చేసినప్పుడు ఉక్కు వేడెక్కి, చల్లారి, కుంచించుకుపోతుంది. ఎంత కుంచించుకుపోతుందో తెలియనప్పుడు బ్లాకు అంచున కొంత రేకు అదనంగా వదిలి, స్లిప్‌వే మీద సరిచూసి కోసేవారు. ఈ కోత పని ఎంతో కాలం తినేది. అది పూర్తి అయ్యేదాకా బ్లాకును మోస్తున్న క్రేను కూడా కదలలేదు. క్రేను ఆగితే యార్డంతా ఆగినట్లే.

జపాను యార్డులు దీనికి గణాంక శాస్త్రాన్ని ఆశ్రయించాయి. ప్రతి దశలోనూ కొలతలు తీసి, సగటు కుదింపు ఎంతో, అది ఎంత మేర అటూ ఇటూ అవుతున్నదో నమోదు చేసి, ఆ మేరకు రేకును మొదటి కోతలోనే పెంచి కోయుట ప్రారంభించాయి. 1950లో ఎడ్వర్డ్స్ డెమింగ్ జపానులో ఇచ్చిన ఉపన్యాసాల ప్రభావం అక్కడి పరిశ్రమలన్నిటిపై ఉన్నది. ఇందులో ఖరీదైన యంత్రం ఏదీ లేదు. కావలసినది కొలిచే అలవాటు, కొలతను దాచకుండా రాసే ధైర్యం. తన విభాగపు తప్పు బయటపడుతుందన్న భయం ఉన్న చోట ఈ లెక్కలు నిజాయితీగా రావు.

విశాఖపట్నం అనుభవం

ఆంధ్ర తీరంలో ఓడలు కట్టుట కొత్త కాదు. శాతవాహనుల నాణేలపై రెండు తెరచాపకొయ్యల ఓడ బొమ్మ కనిపిస్తుంది. గోదావరి ముఖద్వారం వద్ద కోరంగి, నరసాపురం రేవులు కొయ్య ఓడలకు పేరుపొందినవి. తాళ్లరేవు పరిసరాలలో ఆ వృత్తి నేటి కాలం దాకా నిలిచినది. ఆ వృత్తిలో నక్షాలు లేవు, కొలతలన్నీ పెద్ద మేస్త్రి తలలో ఉంటాయి. ఉక్కు ఓడకు ఆ పద్ధతి చాలదు.

సింధియా స్టీమ్ నావిగేషన్ సంస్థ అధినేత వాల్‌చంద్ హీరాచంద్ నెలకొల్పిన యార్డుకు 1941 జూన్ 21న బాబూ రాజేంద్ర ప్రసాద్ శంకుస్థాపన చేశారు. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపై బాంబులు వేయడంతో పనులు కుంటుపడ్డాయి. 1946 జూన్‌లో మొదటి ఓడకు కీల్ వేశారు. 8,000 టన్నుల జల ఉషను 1948 మార్చి 14న ప్రధాని జవహర్‌లాల్ నెహ్రూ జలప్రవేశం చేయించారు. వరుస ఆర్డర్లు లేక సంస్థ ఇబ్బంది పడగా 1952లో కేంద్ర ప్రభుత్వం మూడింట రెండు వంతుల వాటా తీసుకొని హిందూస్థాన్ షిప్‌యార్డు లిమిటెడ్‌ను ఏర్పాటు చేసినది. సాంకేతిక సలహాకు ఫ్రాన్సుకు చెందిన ఆతెలియే ఎ షాంతియే ద లా ల్వార్ సంస్థను నియమించినది. 1961లో సంస్థ పూర్తిగా ప్రభుత్వపరమైనది.

ఆ కాలంలో ఓడ వెలను నిర్ణయించిన తీరు గమనింపదగినది. అదే ఓడను బ్రిటన్‌లో కడితే ఎంతవుతుందో అంత వెలకు కొనుగోలుదారునికి ఇచ్చి, అసలు ఖర్చుకూ ఆ వెలకూ గల తేడాను ప్రభుత్వం సబ్సిడీగా భరించేది. పసిబిడ్డ వంటి పరిశ్రమను నిలబెట్టుటకు ఇది అవసరమే. అయితే ఇందులో రెండు లోపాలున్నవి. ఖర్చు ఎంతయినా తేడా చెల్లించబడుతున్నప్పుడు పనిగంటలు తగ్గించుకోవలసిన ఒత్తిడి యార్డుపై ఉండదు. రెండవది, 1956 నాటికే జపాను చేతిలో వెనుకబడిన బ్రిటన్‌ను మనం కొలబద్దగా పెట్టుకున్నాము. ప్రపంచం ఏ పద్ధతి వైపు సాగుతున్నదో ఆ కొలబద్దలో కనబడలేదు.

యార్డు చేతిలో లేని ఇబ్బందులు కూడా తక్కువ కాదు. ఓడలకు తగిన ఉక్కు రేకులు సమయానికి దొరికేవి కావు. ప్రధాన ఇంజన్లు, అనేక పరికరాలు విదేశాల నుండి రావాలి, వాటికి విదేశీ మారకద్రవ్యం అనుమతి కావాలి. ఇంజను రాకపోతే దాని పైన ఉండవలసిన డెక్కును మూయలేరు. డెక్కు మూయకపోతే తరువాతి బ్లాకు నిలపలేరు. ఈ విధంగా ఒక్క వస్తువు ఆలస్యం వందల మందిని ఖాళీగా కూర్చోబెడుతుంది, వారి జీతాలు మాత్రం ఆ ఓడ ఖర్చులో చేరుతాయి. ఆర్డర్ల తీరు కూడా అలాగే ఉండేది. ఒకసారి సరుకు ఓడ, మరొకసారి సర్వే ఓడ, ఇంకొకసారి చమురు క్షేత్రాలకు పనికివచ్చే నౌక. ఒకే నమూనాను మళ్ళీ మళ్ళీ కట్టినప్పుడు పనిగంటలు తగ్గుతాయి, దీనినే అభ్యాస రేఖ అంటారు. ప్రతి ఓడా కొత్తదైన చోట ఆ రేఖ కిందికి దిగదు.

పోలికకు దక్షిణ కొరియాను చూడవచ్చు. ఉల్సాన్‌లో హ్యుందాయ్ యార్డు పని 1972లో, విశాఖ శంకుస్థాపనకు ముప్పై ఏళ్ల తరువాత, మొదలైనది. యార్డునూ, 2,60,000 టన్నుల తొలి ట్యాంకర్లనూ ఒకేసారి కడుతూ 1974కు పూర్తిచేశారు. స్కాట్లండు, జపాను నుండి నేర్చుకున్న పద్ధతులు, వరుసగా వచ్చిన ఎగుమతి ఆర్డర్లు, ప్రభుత్వ ఋణాలు వారికి తోడ్పడినవి. కొరియా కార్మికుడు విశాఖ కార్మికుని కంటే సహజంగా నేర్పరి అని దీని అర్థం కాదు. విశాఖలో కూడా వరుస ఆర్డరు వచ్చినప్పుడు పని సాగినది. ఉదాహరణకు సుకన్య తరగతి గస్తీ నౌకలలో తొలి మూడు కొరియా టకోమా యార్డులో తయారవగా, మిగిలిన నాలుగు, అనగా సావిత్రి, సరయు, శారద, సుజాత, విశాఖలో కట్టబడి 1990-93 మధ్య నౌకాదళంలో చేరినవి.

కాలక్రమంలో యార్డులో రేకులను స్వయంచాలకంగా కోసే యంత్రాలు వచ్చినవి. మూడు స్లిప్‌వేలకు తోడు 80,000 టన్నుల వరకు ఓడలను కట్టగల పైకప్పు గల నిర్మాణ డాక్ ఏర్పడినది. విశాఖ వంటి చోట పైకప్పు విలువ చాలా ఎక్కువ. వర్షంలో వెల్డింగు చేయరాదు. గాలిలో తేమ అధికమైనా వెల్డింగు కడ్డీలు తేమను పీల్చి, అతుకులో పగుళ్లకు కారణమవుతాయి. అందుకే వాటిని ఓవెన్‌లో వేడిచేసి, వేడిగానే వాడాలి. రెండు రుతుపవనాలూ, తుపానులూ ఉన్న తీరంలో ఆరుబయట పనికి ఏటా కొన్ని వారాలు నష్టమే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను యార్డుకు తీవ్ర నష్టం కలిగించినది.

సింధుకీర్తి, సింధువీర్

ఉత్పాదకత అన్న మాట కొత్త ఓడలకే కాక మరమ్మతులకూ వర్తిస్తుంది. 2006లో భారత నౌకాదళపు జలాంతర్గామి సింధుకీర్తి పెద్ద మరమ్మతు కోసం విశాఖ యార్డుకు వచ్చినది. సుమారు మూడేళ్లలో ముగియవలసిన పని 2015 దాకా సాగినది. దేశానికి జలాంతర్గాములు కొరతగా ఉన్న కాలంలో ఒకటి తొమ్మిదేళ్లు ఒడ్డున ఉండిపోవుట పత్రికలలో తీవ్ర విమర్శకు గురైనది. మరమ్మతులో ఉన్న చిక్కు ఏమనగా, విప్పి చూచేదాకా లోపల ఏమి పాడైనదో తెలియదు. తెలిసిన తరువాత విడిభాగం కోసం రష్యాకు రాయాలి. ఇరుకు డొల్లలో ఒక యంత్రాన్ని బయటకు తీయాలంటే ముందు దాని ముందున్న నాలుగింటిని తీయాలి.

తరువాత అదే తరగతికి చెందిన సింధువీర్ మరమ్మతును యార్డు రెండేళ్ల పైచిలుకు కాలంలోనే పూర్తిచేసినది. ఆ జలాంతర్గామిని 2020లో మయన్మార్‌కు అప్పగించారు. రెండు మరమ్మతుల పరిమాణం సమానం కాదు కనుక కాలాలను నేరుగా పోల్చరాదు. కానీ మొదటి పనిలో విప్పిన క్రమం, విడిభాగాల జాబితా, పరీక్షల విధానం రెండవదానికి అక్కరకు వచ్చినవనుటలో సందేహం లేదు.

2010లో యార్డు నౌకాయాన మంత్రిత్వ శాఖ నుండి రక్షణ మంత్రిత్వ శాఖకు మారినది. దీనితో వాణిజ్య ఓడల పోటీ నుండి కొంత దూరమై, నౌకాదళం పనులు ముఖ్యమైనవి. 2014లో కీల్ వేసిన ధ్రువ్ అనే పర్యవేక్షక నౌక 2021 సెప్టెంబరు 10న నౌకాదళంలో చేరినది.

ఉక్కు, రంగులు: హైదరాబాదు

సముద్రానికి దూరాన ఉన్న హైదరాబాదు నగరానికి కూడా ఈ విషయంతో సంబంధం ఉన్నది. యుద్ధనౌకలకు వాడే ప్రత్యేకమైన ఉక్కు చాలాకాలం రష్యా నుండి వచ్చేది, అది సమయానికి రాక నిర్మాణాలు ఆగేవి. కంచన్‌బాగ్‌లోని రక్షణ లోహ పరిశోధనాశాల డి.ఎం.ఆర్. 249ఎ అనే ఉక్కును రూపొందించగా భారత ఉక్కు ప్రాధికార సంస్థ దానిని తయారుచేసినది. 2022లో నౌకాదళంలో చేరిన విమానవాహక నౌక విక్రాంత్‌కు ఈ ఉక్కునే వాడారు. లోహ పరిశోధన ఓడ కట్టే కాలాన్ని ఎలా తగ్గిస్తుందో చెప్పుటకు ఇంతకంటే మంచి ఉదాహరణ లేదు.

రంగుల మాట కూడా ఇటువంటిదే. చూచేవారికి రంగు అలంకారం, ఓడకు అది ప్రాణం. ఉక్కు రేకును కోయకముందే ఇసుకవంటి ఉక్కు రవ్వలతో రాపాడించి, తుప్పు వదిలించి, తొలి పూత వేస్తారు. బ్లాకు పూర్తి అయిన పిమ్మట మూసిన గదిలో అసలు పూతలు వేస్తారు. రంగు వేసిన తరువాత ఎవరైనా మరచిపోయిన ఒక చిన్న బ్రాకెట్టును వెల్డు చేస్తే, గోడ అవతలి వైపు పూత కాలిపోతుంది. దానిని సరిచేయుటకు చీకటి ట్యాంకులో దిగి, గాలి సౌకర్యం కల్పించి, మళ్ళీ రాపాడించి, మళ్ళీ పూయాలి. మరచిన బ్రాకెట్టు ఖర్చు కంటే మరమ్మతు ఖర్చు ఎన్నో రెట్లు. అంతర్జాతీయ సముద్రయాన సంస్థ 2006లో ఆమోదించిన ప్రమాణాల ప్రకారం బల్లాస్టు ట్యాంకుల పూత 15 సంవత్సరాలు నిలవాలన్నది లక్ష్యం. 2008 జూలై నుండి కుదిరిన ఒప్పందాలకు ఇవి వర్తిస్తున్నవి. దీనితో వరుస తప్పిన పనికి పడే మూల్యం ఇంకా పెరిగినది.

పూతలకు ఆధారమైన రసాయన శాస్త్రం చదువుకొనుటకు హైదరాబాదు అనువైన చోటు. ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణాన్ని ఆనుకొని ఉన్న తార్నాకలోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థకు పూతలు, పాలిమర్లు ఒక ముఖ్య పరిశోధనా రంగం. 1944లో కేంద్ర ప్రయోగశాలగా మొదలై, 1956లో ప్రాంతీయ పరిశోధనాశాలగా, 1989లో ప్రస్తుత నామంతో ఈ సంస్థ కొనసాగుతున్నది. ప్రాంగణంలోని ఇంజనీరింగు కళాశాల 1929లో ఏర్పడినది. అక్కడ ఉత్పత్తి ఇంజనీరింగు చదివిన విద్యార్థికి ఓడలు పరాయి విషయమనిపించవచ్చు గాని, పని అధ్యయనం, నాణ్యతా గణాంకాలు, సామగ్రి ప్రణాళిక అనే పాఠాలే స్లిప్‌వే మీద కూడా కావలసినవి.

శిక్షణ

ఓడ నమూనా విద్యకు విశాఖలోనే ఆంధ్ర విశ్వవిద్యాలయ ఇంజనీరింగు కళాశాలలో మెరైన్ ఇంజనీరింగు విభాగం ఉన్నది. 1991లో గాంధీగ్రామ్‌లో ఏర్పడిన జాతీయ నౌకా నమూనా పరిశోధనా కేంద్రం 2008లో భారతీయ సముద్రయాన విశ్వవిద్యాలయంలో విలీనమై, దాని విశాఖ ప్రాంగణమైనది. ఇంజనీర్ల చదువుకు ఏర్పాట్లు ఉన్నంతగా వెల్డర్లు, ఫిట్టర్లు, రిగ్గర్ల శిక్షణపై శ్రద్ధ లేదు. శాశ్వత కార్మికులు తగ్గి, పని గుత్తేదారుల చేతికి పోయిన చోట ఈ కొరత ఇంకా కనబడుతుంది. ఒక ఓడపై మెళకువ సాధించిన వెల్డరు గుత్త ముగిసి వెళ్ళిపోతే, తరువాతి ఓడకు అభ్యాస రేఖ మళ్ళీ మొదటినుండే.

భద్రత

తొందరకూ ఉత్పాదకతకూ భేదం ఉన్నది. 2020 ఆగస్టు 1న విశాఖ యార్డులో కొత్తగా అమర్చిన భారీ క్రేనుకు బరువు పరీక్ష చేస్తుండగా అది కూలి 11 మంది మరణించారు. వారిలో యార్డు ఉద్యోగులూ, గుత్త సంస్థల వారూ ఉన్నారు. బ్లాకు పద్ధతిలో బరువులు పెరిగే కొద్దీ ఎత్తే యంత్రాలపై ఆధారపడుట పెరుగుతుంది. ఒక్కొక్క ఎత్తుదలకూ ముందుగా లెక్క వేసి, నక్షా గీసి, క్రింద మనుషులు లేకుండా చూచుట ఆ పద్ధతిలో భాగమే తప్ప అదనపు పని కాదు.

ఇటీవలి పరిణామాలు

ప్రపంచ నౌకా నిర్మాణంలో అధికభాగం చైనా, దక్షిణ కొరియా, జపాను దేశాలదే. భారతదేశపు వాటా ఒక శాతానికి లోపే. 2016 ఏప్రిల్ నుండి పదేళ్లకు వర్తించే ఆర్థిక సహాయ పథకంలో మొదట 20 శాతంగా ఉన్న సాయం మూడేళ్లకొకసారి మూడు శాతం చొప్పున తగ్గేలా నియమం పెట్టారు. ఖర్చు తేడా మొత్తాన్ని భరించిన పాత పద్ధతికి ఇది భిన్నం. సాయం తగ్గిపోతుందని ముందే తెలిసినందున యార్డు తన ఖర్చు తగ్గించుకోవలసి వస్తుంది. 2025 సెప్టెంబరులో కేంద్ర మంత్రివర్గం నౌకా నిర్మాణ రంగానికి 69,725 కోట్ల రూపాయల ప్యాకేజీని ఆమోదించినది.

2018లో విశాఖ యార్డుకు రెండు డైవింగ్ సహాయక నౌకల ఒప్పందం లభించినది. నిస్తార్, నిపుణ్ అనే ఆ రెంటినీ 2022 సెప్టెంబరు 22న ఒకే రోజున జలప్రవేశం చేయించారు. నిస్తార్ 2025 జూలై 18న నౌకాదళంలో చేరినది. జలప్రవేశం తరువాత దాదాపు మూడేళ్లు పట్టుటను బట్టి ఇటువంటి నౌకలలో లోపలి పరికరాల అమరిక, పరీక్షలే ఎక్కువ కాలం తీసుకుంటున్నవని తెలుస్తున్నది.

2023 ఆగస్టులో 44,000 టన్నుల చొప్పున ఐదు నౌకాదళ సరఫరా నౌకలు కట్టుటకు సుమారు 19,000 కోట్ల రూపాయల ఒప్పందం కుదిరినది. యార్డు చరిత్రలో ఒకే నమూనాకు ఇంత పెద్ద వరుస ఆర్డరు ఇదే. 2024 ఏప్రిల్ 10న మొదటి నౌకకు ఉక్కు కోత, అదే ఏడాది నవంబరులో కీల్ వేయుట జరిగినవి. కొంత నిర్మాణాన్ని తమిళనాడులోని కాట్టుపల్లి ఎల్ అండ్ టి యార్డుకు అప్పగించారు. మొదటి నౌకకూ ఐదవ నౌకకూ పనిగంటలలో ఎంత తేడా వస్తుందన్నది ఈ ఒప్పందం పూర్తి అయిన తరువాతనే లెక్కకు వస్తుంది.